వేరే పనేం లేదు

"నీ ఆదాయం చాలదమ్మా," అంది జాయిస్.

"చాలదనే కదా వచ్చాను."

"అలా కాదు. సాయం రావడానికి చాలదు."

టిల్మన్ ఊరి లైబ్రరీలో, పిల్లల పుస్తకాల పక్కన, వారానికి రెండు రోజులు మడత బల్ల వేసుకుని కూర్చుంటుంది జాయిస్. జనానికి ఆరోగ్య బీమా కుదిర్చిపెట్టడం ఆమె ఉద్యోగం. పెద్దవాళ్ల కుర్చీలు మీటింగుకు పట్టుకుపోయారు. అందుకని రెనెట్టా చిన్నపిల్లల కుర్చీలో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుంది.

"ఇంకోసారి చెప్పండి మిస్ జాయిస్. నేను ఇంకాస్త ఎక్కువ సంపాదిస్తే నా బీమా గవర్నమెంటు కడుతుంది."

"దాదాపు అంతా కడుతుంది. నెలకు నీకు ఓ బర్గర్ ఖర్చు పడుతుందేమో."

"తక్కువ సంపాదిస్తున్నాను కాబట్టి ఒక్క సెంటు ఇవ్వదు."

"ఇవ్వదు. మొత్తం నువ్వే కట్టుకోవాలి."

రెనెట్టాకు నవ్వొచ్చింది. "పొద్దున్నే ఏమన్నా పుచ్చుకొచ్చారా?"

"పుచ్చుకుని ఉంటే ఇంతకంటే తెలివైన మాట చెప్పేదాన్ని," అంది జాయిస్, నవ్వకుండా.

మరీ పేదవాళ్లను రాష్ట్రాలే చూసుకోవాలని దేశాన్నేలే పైవాళ్లు చట్టం రాశారు. మేం చూసుకోం పొమ్మని ఈ మిసిసిపీ రాష్ట్రం పెద్దలు భీష్మించారు. రెనెట్టా లాంటివాళ్లకు మధ్యలో గొయ్యి మిగిలింది. ఏళ్లు గడిచినా దాన్ని పూడ్చే తొందర ఎవరికీ లేదు. ఆ పెద్దలకు బీమా ఉంది, వాళ్ల పిల్లలకూ ఉంది. వయసులో ఉన్నవాళ్లకు రోగాలేం వస్తాయిలే అని మైకుల ముందు చెప్పడానికి కావలసిన ఆరోగ్యం కూడా వాళ్లకు దండిగా ఉంది.

రెనెట్టా రోగం వయసులో ఉన్నవాళ్లకే వచ్చేది. కనుపాప మీద అద్దంలా ఉండే పొర పల్చబడి, కొసదేలి ముందుకు ఉబుకుతోంది. ఎడమ కంటితో చూస్తే వీధి దీపం ఒక్కటే ద్రాక్ష గుత్తిలా కనిపిస్తుంది. కుడి కన్నుకు ఇప్పుడిప్పుడే మొదలైంది. చుక్కల మందు వేసి, ఒకరకం వెలుతురు పట్టి ఆ పొరను గట్టిపరుస్తారట. "ఉన్నది నిలబెట్టగలం, పోయింది తేలేం, ఆలస్యం చెయ్యకు," అని జాక్సన్‌లో డాక్టరు చెప్పి తేదీ కూడా ఇచ్చాడు. ఆ తేదీకంటే ముందు పుట్టినరోజు వచ్చి పడింది. అమ్మ ఒర్లీన్ బడి వంటశాలలో పనిచేస్తుంది. ఆమె బీమాలో పిల్లలకు ఇరవై ఆరేళ్ల దాకానే చోటు. ఇంట్లో కేకు కోశారు. నెల తిరిగేసరికి ఆసుపత్రి నుంచి ఎవరో చాలా మర్యాదగా ఫోను చేసి ఆ తేదీ తీసేశారు.

"సాయం మొదలయ్యే గీతకు మరీ దూరంలో లేవు నువ్వు," అంది జాయిస్. "ఇంకేమన్నా పని చేస్తున్నావా? జడలల్లడం, పిల్లల్ని ఆడించడం, ముసలివాళ్లను చూసుకోవడం. చేతికి డబ్బొచ్చేది ఏదైనా లెక్కకొస్తుంది. ఉత్తుత్తిగా మాత్రం చెప్పకు, సంతకం పెట్టాలి. తేడా వస్తే నీ బీమా, నా ఉద్యోగం రెండూ పోతాయి."

రెనెట్టా నిజంగానే ఆలోచించింది. "వేరే పనేం లేదు," అంది.

"మంగళవారం మళ్లీ వస్తాను. బీమాలో చేరడానికి నీకు అదే ఆఖరు రోజు. తర్వాత చలికాలం దాకా తలుపులు మూసేస్తారు."

---

హైవే పక్కన చవక సామాన్ల కొట్టుకు శుక్రవారం లారీ వస్తుంది. మనిషెత్తు ఇనుప బోనుల్లో సరుకు దిగుతుంది. చక్రాల్లో ఒకటి ఎప్పుడూ తిరగదు. రెనెట్టా బోనును తుంటితో నెట్టుకుంటూ వరసలోకి తెచ్చి, పెట్టెలు కోసి అల్మారాలు నింపుతోంది. రాతలు చదవడం ఈ మధ్య మానేసింది. నీలం పట్టీ అంటే కుక్క తిండి, పసుపు పట్టీ అంటే పిల్లి తిండి. ఊపితే గలగలమన్నది స్క్రూల డబ్బా. అనుమానం వస్తే ఎడమ కన్ను మూసి, పెట్టెను ముక్కు దగ్గరికి తెచ్చుకుంటుంది. అప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటుంది, ఎవరన్నా గమనించారేమోనని.

"నాకు గంటలు పెంచు కోడీ," అంది.

కోడీ మేనేజరు. ఆమెకంటే ఏడాది చిన్నవాడు. తెల్లవాడు, ఎర్రటి గడ్డం, కళ్లకింద నల్లటి చారలు. అతను కూడా పెట్టెలే కోస్తున్నాడు, ఎందుకంటే ఆ పూట కొట్టులో ఉన్నది వాళ్లిద్దరే.

"కంప్యూటరు పెంచనివ్వదు. వారానికి ముప్ఫై గంటలకొస్తే నీకు బీమా ఇవ్వాల్సొస్తుంది. అందుకని ఇరవై ఎనిమిది దగ్గరే తాళం వేసేస్తుంది."

"నాకు బీమా ఇవ్వకుండా ఉండటానికి కంపెనీ గంటలు కోస్తుంది. గంటలు తక్కువని గవర్నమెంటు బీమా ఇవ్వదు."

"అబ్బ, భలే పట్టేశావ్. నిన్ను హెడ్డాఫీసుకు పంపాలి."

"గంటలిస్తే రేపే పోతా."

కోడీ పెట్టె మీదికి వంగాడు. అతని బొటనవేలి మీద గాజుముక్కలా మెరుస్తున్నదేదో ఉంది. రెనెట్టా చెయ్యి పట్టుకుని చూసింది. కత్తి తెగిన గాటు. పైన జిగురు గట్టిపడి ఉంది.

"ఇదేంట్రా?"

"నాలుగో వరసలో దొరుకుద్ది. కప్పులూ గిప్పులూ అతికించుకునేది."

"నీకు బీమా ఉంది కదా."

"ఉంది. మొదటి ఆరువేలు నేను కట్టాక వాళ్లు మొదలెడతారు. జిగురు డాలరు."

"కొన్నావా, కొట్టేశావా?"

"పగిలిన సరుకు కింద రాశా," అన్నాడు కోడీ. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

---

టిల్మన్‌లో ఎవరికన్నా పెద్ద జబ్బు చేస్తే చేపలు వేయిస్తారు. మౌంట్ హెబ్రన్ చర్చి వెనక గిన్నెలు ఎక్కుతాయి. తెల్లటి డబ్బాలో వేయించిన జెల్లచేప, స్పఘెట్టి, క్యాబేజీ తురుము, రెండు రొట్టె ముక్కలు. రోగి ఫొటో గోడకు అంటిస్తారు. కార్లలోంచి చేతులు చాపి డబ్బాలు కొనుక్కుంటారు, వచ్చిన డబ్బు రోగికి ఇస్తారు. ఆ ఊళ్లో చాలామందికి తెలిసిన బీమా ఇదొక్కటే.

ఈ శనివారం ఫొటో లమార్‌ది. ఇరవై నాలుగేళ్లవాడు. ఎవరిదో కప్పు మీద రేకులు మారుస్తూ పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. పన్లో పెట్టుకున్నవాడు ఆసుపత్రి గుమ్మం దాకా దింపి వెళ్లిపోయాడు.

నూనె గిన్నె దగ్గర ఎప్పుడూ రెనెట్టాయే. చేపకు ఆవముద్ద పూసి, మొక్కజొన్న పిండిలో దొర్లించి, దులిపి వెయ్యాలి. దులపకపోతే పిండి మాడి నూనె చేదెక్కుతుంది. నూనె కాగిందో లేదో తెలియడానికి అందులో అగ్గిపుల్ల పడేస్తారు. సరిగ్గా కాగితే పుల్ల తనంతట తనే భగ్గుమంటుంది. రెనెట్టా ఎడమ కన్ను మూసి పుల్ల వేసింది. నిమ్మగింజంత మంట, ఒక్కటే, చక్కగా లేచింది. ఆ ఒక్క మంటను చూస్తే ఆమెకు ప్రాణం కుదుటపడుతుంది.

"మా పిల్లకు పొద్దున లేస్తే ఎవళ్లదో ఒకళ్ల పనే," అంటోంది ఒర్లీన్, డబ్బాల్లో స్పఘెట్టి వడ్డిస్తూ. పక్కామెతో చెబుతున్నట్టే ఉంది గాని మాట కూతురికే. "లమార్ వాళ్లమ్మకు జడలు అల్లేదెవరు, ఇదే. మిస్ వర్లీన్‌కు స్నానం చేయించేది ఇదే. చేపలు ఇదే. ఆ కొట్టువాడి దగ్గర కంటే ఊళ్లోనే ఎక్కువ గంటలు చేస్తుంది. వాడన్నా డబ్బులిస్తాడు."

జల్లిగంటె నూనెలో ఉండగానే రెనెట్టా చెయ్యి ఆగిపోయింది. వేరే పనేం లేదు అని జాయిస్‌కు చెప్పింది. అబద్ధం ఆడలేదు. ఇవన్నీ పని అని ఆమెకు తోచనే లేదు.

మొదటి వాయి దించి, చేతులు తుడుచుకుని సంఘపెద్ద హోజియా దగ్గరికి వెళ్లింది. ఆయన డబ్బు డబ్బాకు కాపలాగా కుర్చీ వేసుకున్నాడు.

"డీకన్, చేపలు వేయించినందుకు నాకు కూలి ఇవ్వండి."

ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని చూశాడు. "ఏమన్నావ్?"

"కూలి. ఇవాల్టిది, ఇక మీదట వేసేవాటిది."

"దేవుడి చేపలకు కూలివాళ్లను పెట్టుకోం అమ్మాయ్. నీ కంటి సంగతి మీ అమ్మ చెప్పింది. వచ్చే శనివారం నీ పేరు మీదే వేస్తున్నాం. వచ్చిందంతా నీకే. ఇంకా కూలెందుకు?"

"అది మీరిచ్చే కానుక అవుతుంది. కానుక లెక్కలోకి రాదు. కూలైతే వస్తుంది. నేను సంపాదించినట్టు కనపడాలి."

ఆయన గోడమీది ఫొటో వైపు గడ్డంతో చూపించాడు. "ఇందులోంచి నీ చేతిలో పెట్టే ప్రతి డాలరూ ఆ కుర్రాడి తుంటిలోంచి తీసిందే. తియ్యమంటే తీస్తాను. తియ్యమంటావా?"

రెనెట్టా తియ్యమనలేదు. గిన్నె దగ్గరికి వెళ్లి రెండో వాయి వేసింది. పిండి సరిగ్గా దులపలేదు. నూనె చేదెక్కింది.

---

మిస్ వర్లీన్‌కు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. కొడుకు మెంఫిస్‌లో ఉంటాడు, ఈస్టరుకు వస్తాడు. సాయంత్రాలు రెనెట్టా వెళ్లి ఒళ్లు తుడిచి, తిండి పెట్టి, పక్క మారుస్తుంది. ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు. ఒకసారి చారు తెచ్చిచ్చింది, మర్నాడు గిన్నె కోసం వెళ్లింది, అలా సాగింది.

ఆదివారం సాయంత్రం ముసలామె కాళ్లకు నూనె రాస్తూ, తలెత్తకుండా అడిగింది. ఎలా అడగాలో దారిపొడుగునా అనుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "మిస్ వర్లీన్, నాకు జీతం ఇస్తారా?" అనేసింది. ఆ తర్వాత కన్ను, జాయిస్, గీత, అన్నీ కిందామీదా చేసి చెప్పింది.

ముసలామె విని, కప్పు వైపు చూస్తూ పడుకుంది. ఆమె నోరు ఒక పక్కకే కదులుతుంది.

"నేను పనిచేసిన ఇంటామె పేరు మిసెస్ ఫాన్‌షా," అంది. "నా చేతిలో పెరిగారు ఆవిడ పిల్లలు. నెలాఖరుకు తన పాత గౌన్లు ఇచ్చేది. సంతోషమేనా వర్లీన్ అనేది. సంతోషమండీ అనేదాన్ని. ఇంటికొచ్చి ఆ గౌన్లతో నేల తుడిచేదాన్ని. నోరు తెరిచి జీతం ఇవ్వమని అడగడం నా వల్ల కాలేదు పిల్లా. నువ్వడిగావ్."

"మీకు ఇబ్బందైతే..."

"నోర్మూసుకో. జీతం అడిగాక ఇబ్బందా అని అడక్కూడదు. ఆ కాఫీ డబ్బా ఇటు తే."

ఎడం చేత్తో, పళ్లతో మూత తీసింది. నోట్లు లెక్కపెట్టి రెనెట్టా చేతిలో కుక్కింది. "ప్రతి ఆదివారం. ఆ లైబ్రరీ ఆమెకు నా పేరు చెప్పు. నాకు ఫోను చెయ్యమను, నా దగ్గర పనిచేస్తున్నావని చెబుతాను. ఇక రేపటినుంచి టైముకి రా. నిన్న ఆలస్యమైంది."

"నిన్న చేపలు..."

"అది నీ యజమానికి చెప్పుకునే సాకు కాదు," అంది వర్లీన్. నవ్వింది, సగం మొహంతో.

ఇంటికి నడుస్తూ రెనెట్టా ఎడమ కన్ను మూసుకుని వీధి దీపాలు చూసింది. ఒక్కొక్కటి ఒక్కొక్కటిగానే ఉన్నాయి. మంగళవారం జాయిస్‌తో ఏం చెప్పాలో పైకే అనుకుంది. వేరే పని ఉంది. ఒక పెద్దావిడను చూసుకుంటాను. జీతం ఇస్తుంది.

---

సోమవారం టైముకే వెళ్లింది. మందుల డబ్బాలో రోజుకో గది ఉంటుంది. చిన్న చిన్న బిళ్లలు కళ్లకు ఆనవు గనక రెనెట్టా వాటిని వేళ్లతోనే పోల్చుకుంటుంది. గుండ్రటిది రక్తం గడ్డకట్టకుండా వేసుకునేది. పొడుగుది బీపీకి. ఆ రోజు గదిలో వేలు పెడితే గరుకుగా, పదునుగా ఏదో గుచ్చుకుంది. పక్క గదిలో చూసింది. ఆ పక్కదీ చూసింది. అన్నీ సగం బిళ్లలే.

టేబులు మీద వెన్న కత్తి ఉంది. దాని చుట్టూ తెల్లటి పొడి. కొన్ని బిళ్లలు జారి కింద పడ్డాయి. ఎడం చేత్తో, ఒక్కతే, ఎంతసేపు కోసిందో.

"ఇవేంటి మిస్ వర్లీన్?"

"అవి మరీ పెద్దవి. గొంతు దిగట్లేదు."

"మీకు ఇన్నాళ్లూ దిగాయి."

"ఇప్పుడు దిగట్లేదు. నువ్వు పనిమనిషివి, పని చూడు."

"సీసా రెండు నెలలు రావాలని కోశారు. ఈ నెల మందులు కొనకుండా నాకు ఇస్తున్నారు."

వర్లీన్ గోడ వైపు మొహం తిప్పుకుంది. రెనెట్టా జేబులోంచి నోట్లు తీసి కాఫీ డబ్బాలో పెట్టబోయింది. ముసలామె ఎడం చెయ్యి పామంత వేగంగా వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. ఒంట్లో బలమంతా ఆ ఒక్క చేతిలోనే మిగిలినట్టుంది.

"ఆ డబ్బాలో నాకు తెలియని నోటు ఉండదు. పెడితే పారేస్తాను. పనిచేయించుకుని జీతం ఇవ్వనిదాన్నై చావను. మిసెస్ ఫాన్‌షా చచ్చింది అలా. నేను చావను."

"మళ్లీ గుండెల్లోకో తలలోకో గడ్డ వస్తే?"

"నాకెంత వయసో తెలుసా నీకు? నీ కళ్లు ఇంకా చాలా చూడాలి. నావి చూసేశాయి."

రెనెట్టా తిండి పెట్టింది. ఒళ్లు తుడిచింది. వెళ్లే ముందు సగం బిళ్లలు రెండేసి కలిపి ఒక్కో గదిలో వేసింది. వెనక నుంచి వర్లీన్ అంది, "నువ్వెళ్లాక మళ్లీ తీసేస్తాను. నాకు ఓ చెయ్యి ఉంది."

ఆ రాత్రంతా రెనెట్టా ఆలోచించింది. డిసెంబరు దాకా ముసలామె జీతం ఇస్తే ఏడాది లెక్కలో తను గీత దాటుతుంది. జీతం ఇవ్వాలంటే ఆమె సగం బిళ్లలే మింగాలి. సగం బిళ్లలతో డిసెంబరు దాకా ఉంటుందా? ఉంటుందనే లెక్క వేసుకుంది ఒకసారి. ఆ లెక్క వేసింది తనేనని తెలిసి లేచి కూర్చుంది. ఈ దేశంలో ఒక పిల్ల కన్ను నిలవాలంటే ఒక ముసలిదాని నెత్తురు గడ్డకట్టాలి. ఎవరూ పక్కన నిలబడి బలవంతం చెయ్యరు. ఆ పని మంచివాళ్లకే వదిలేస్తారు.

---

మంగళవారం పెద్ద కుర్చీ దొరికింది. జాయిస్ ఆమెను చూడగానే కంప్యూటరు తెరిచింది. మొహంలో ఆశ.

"ఏమైనా దొరికిందా? ఎవరన్నా పెట్టుకున్నారా?"

రెనెట్టా చేతులు ఒళ్లో పెట్టుకుంది. చూపుడువేలి కొసన ఇంకా ఆ సగం బిళ్ల అంచు గుచ్చుకుంటున్నట్టే ఉంది.

"లేదు," అంది.

"జడలు? పెద్దవాళ్లను చూడడం? మీ అమ్మ మొన్న కనపడి ఎవరో ముసలావిడ సంగతి చెప్పిందే."

"ఆమె చుట్టంలాంటిది. ఉత్తినే వెళ్తాను. వేరే పనేం లేదు."

జాయిస్ ఏదో గ్రహించింది. కాని గ్రహించినదాన్ని నింపడానికి ఆ తెరమీద గడి లేదు. "చలికాలంలో రా అమ్మా," అంది. "చట్టాలు మారుతుంటాయి."

"ఎటువైపు?" అంది రెనెట్టా.

సాయంత్రం వర్లీన్‌కు అబద్ధం చెప్పింది. ఇళ్లల్లో చేసే పని ఒప్పుకోలేదట, జీతం ఇచ్చినా లాభం లేదట, జాయిస్ అదే చెప్పింది అని. నోట్లు ఆమె కళ్లముందే డబ్బాలో పెట్టింది. ముసలామె పెద్దల్నీ, జాయిస్‌నీ, మిసెస్ ఫాన్‌షానూ వరసపెట్టి తిట్టింది. తిట్టి తిట్టి అలిసిపోయి నోరు తెరిచింది. రెనెట్టా నాలుక మీద రెండు సగాలు పెట్టి నీళ్లు పోసింది. మింగిందో లేదో గొంతు మీద వేలు పెట్టి చూసింది.

---

శనివారం గోడమీద రెనెట్టా ఫొటో ఉంది. హైస్కూలు పట్టా పుచ్చుకున్ననాటి టోపీతో, రెండు కళ్లూ విచ్చుకుని నవ్వుతున్నది. ఆ ఫొటోకింద నూనె గిన్నె దగ్గర తనే నిలబడింది.

"నీ పేరు మీది చేపలు నువ్వే వేయించడమేంటి, కూర్చో," అన్నాడు హోజియా.

"మీరు వేయిస్తే రెండో డబ్బా ఎవడు కొంటాడు డీకన్?"

లమార్ చంకకర్రల మీద వచ్చి వరసలో నిలబడ్డాడు. కోడీ వచ్చి కొట్టువాళ్లందరికీ అని డబ్బాలు కట్టించుకున్నాడు. అతని బొటనవేలు ఇప్పుడు వాచి ఉంది. ఒర్లీన్ స్పఘెట్టి వడ్డిస్తూ ఎన్నెన్ని కార్లు వచ్చాయో ప్రతి మనిషికీ చెబుతోంది. ఇలాంటి శనివారాలు ఎన్ని వేస్తే ఒక కంటికి సరిపోతుందో ఆమెకు తెలుసు. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పడం లేదు.

రెనెట్టా ఎడమ కన్ను మూసి, అగ్గిపుల్ల నూనెలో పడేసింది.

పుల్ల భగ్గుమంది. మంట లేచింది. ఆ మంట భుజానికి ఆనుకుని ఇంకో మంట, పల్చగా, తోబుట్టువులా.

పొగ అనుకుంది. మోచేత్తో కుడి కన్ను తుడుచుకుంది. ఇంకో పుల్ల వేసింది. మళ్లీ రెండు. ఇంకోటి వేసింది.

"ఎన్ని పుల్లలు తగలేస్తావమ్మాయ్," అన్నాడు హోజియా కుర్చీలోంచి. "కాగిందా లేదా?"

వరసలో వాళ్లు డబ్బులు చేత్తో పట్టుకుని చూస్తున్నారు.

"కాగింది," అంది రెనెట్టా. చేపముక్కను పిండిలో దొర్లించి, దులిపింది. గిన్నె అంచు ఎక్కడుందో ఎడం చేత్తో తడిమి చూసుకుని, నూనె చప్పుడు వస్తున్న వైపుకు మెల్లగా జారవిడిచింది.